నర్సుల రాత్రులకు లెక్క లేదా?

"దానికి మన దేశంలో ఆధారాలు లేవండీ" అనే మాట మన వైద్యప్రముఖుల నోట తరచుగా వినబడుతూ ఉంటుంది. ఏండ్ల తరబడి రాత్రి డ్యూటీలు చేసిన నర్సులకు గుండెజబ్బూ, చక్కెరజబ్బూ, రొమ్ముకాన్సరూ హెచ్చుగా వస్తున్నట్టు బయటి దేశాలలో తేలింది గదా, మరి మనమేం చేస్తున్నామని అడిగితే వచ్చే జవాబు ఇదే. ఈమధ్య తిరుపతిలో ఒక సభలో నేను అడిగాను. నాకూ ఇదే జవాబు వచ్చింది. చెప్పిన పెద్దమనిషి అబద్ధమాడలేదు. ఒక ఆసుపత్రిలో నూరుమందిని, ఇంకో ఆసుపత్రిలో రెండువందలమందిని పట్టుకుని "మీకు నిద్ర సరిగా పడుతోందా?" అని ఒకసారి అడిగి వదిలేసిన చిన్న చిన్న సర్వేలు మనకూ ఉన్నాయి గాని, నర్సుల వెంట ముప్ఫై నలభై ఏండ్లు నడిచి రాసిన పెద్ద లెక్క లేదు. అయితే ఆధారాలు లేకపోవడం వానలు లేకపోవడం వంటిది కాదు. వాన మన చేతిలో లేదు. ఆధారాలు పోగుచేయడమూ, చేయకపోవడమూ మనుషుల చేతిలో ఉన్న పని. ఎవరి చేతిలో ఉంది, వారెందుకు చేయలేదు అనేదే ఇక్కడ నా ప్రశ్న.

ముందు బయటి దేశాలలో తేలిందేమిటో చూద్దాం. ఈ విషయంలో ఉన్నదానికి రెండింతలు చెప్పి భయపెట్టేవాళ్ళూ ఉన్నారు, అసలేమీ లేదు పొమ్మనేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరికీ దూరంగా నిలబడడం మంచిది.

1976లో అమెరికాలో ఫ్రాంక్ స్పైజర్ అనే డాక్టరు 11 రాష్ట్రాలకు చెందిన 1,21,700 మంది నర్సులను తపాలా ప్రశ్నపత్రాల ద్వారా చేర్చుకుని ఒక పరిశోధన మొదలుపెట్టాడు. 'నర్సుల ఆరోగ్య అధ్యయనం' అని దానికి పేరు. రెండేండ్లకొకసారి ప్రశ్నపత్రం వెళుతుంది, జవాబు వస్తుంది. 1989లో ఇంకో 1,16,000 మంది చిన్నవయస్సు నర్సులతో రెండో అధ్యయనం మొదలైంది. ఇంత ఓపికతో ఆడవాళ్ళ ఆరోగ్యాన్ని గమనించిన పరిశోధనలు ప్రపంచంలో కొన్నే ఉన్నాయి. దానికి దణ్ణం పెట్టాల్సిందే. కాని అందులో ఒక సంగతి ఉంది, మన విజ్ఞులు దాన్ని చెప్పరు. ఆ పరిశోధన నర్సుల కష్టం గూర్చి మొదలైంది కాదు. గర్భనిరోధక మాత్రలు ఏండ్ల తరబడి వాడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి మొదలైంది. నర్సులనే ఎందుకు ఎన్నుకున్నారంటే, వాళ్ళకు జబ్బుల పేర్లు తెలుసు, మందుల పేర్లు తెలుసు, నమ్మకంగా జవాబు రాస్తారు. "నెలకు కనీసం మూడు రాత్రుల చొప్పున, పగటి డ్యూటీలతో మార్చి మార్చి, మొత్తం ఎన్నేండ్లు చేశావు?" అనే ప్రశ్న ఆ కాగితం మీదికి ఎక్కింది 1988లో. అంటే పన్నెండేండ్లు ఆ లక్షమందిని తిండి గురించి, సిగరెట్ల గురించి, మాత్రల గురించి అడిగారు గాని, వాళ్ళు బతుకుతెరువు కోసం చేసే పని గురించి ఆ ప్రశ్న అడగాలని ఎవరికీ తోచలేదు. నర్సు మంచి సాక్షి అని అందరికన్నా ముందు గుర్తించినవాళ్ళకు కూడా, ఆమె కష్టజీవి అని గుర్తుకు రావడానికి పన్నెండేండ్లు పట్టింది.

అడిగాక ఏం తేలింది? 1995లో అచ్చయిన వ్యాసం ప్రకారం ఆరేండ్లకు పైగా అట్లా రాత్రి డ్యూటీలు చేసినవాళ్ళలో గుండెజబ్బు ముప్పు, చేయనివాళ్ళతో పోలిస్తే సుమారు ఒకటిన్నర రెట్లు. 2001లో: 30 ఏండ్లకు పైగా చేసినవాళ్ళలో రొమ్ముకాన్సరు ముప్పు 36 శాతం ఎక్కువ. 2011లో: 20 ఏండ్లు దాటినవాళ్ళలో చక్కెరజబ్బు ముప్పు 58 శాతం ఎక్కువ. అందులో పెద్దభాగం ఒళ్ళు పెరగడం ద్వారా వచ్చేదే, బరువును పక్కకు తీసి చూసినా 24 శాతం మిగిలింది. 2015లో: ఐదేండ్లు దాటినవాళ్ళలో అన్ని కారణాల మరణాలూ కలిపి 11 శాతం ఎక్కువ. ఇవి కొండంత అంకెలు కావు. పొగతాగడం వల్ల ఊపిరితిత్తుల కాన్సరు వచ్చినంత ఖాయంగా ఇది వస్తుందని ఎవరూ అనరాదు. కాని లక్షలాది మందికి వర్తించే పనిలో పదో ముప్ఫైయో శాతం అంటే ఎన్ని ఇళ్ళో లెక్క వేసుకోండి.

ఇందుకు కారణం కూడా చీకట్లో లేదు. మెదడులో ఒక గడియారం ఉంది, వెలుగు చీకట్లను బట్టి అది నడుస్తుంది. చీకటి పడ్డాక మెలటోనిన్ అనే రసం ఊరుతుంది. వార్డు దీపాల కింద అది అణగిపోతుంది. అర్ధరాత్రి తిన్న ముద్దను అరిగించుకోవడానికి దేహం సిద్ధంగా ఉండదు. ఆ గడియారపు యంత్రాంగాన్ని విప్పి చూపిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమానం వచ్చింది. కాన్సరు పరిశోధనకు ఉన్న అంతర్జాతీయ సంస్థ 2007లోనే రాత్రి పనిని "బహుశా కాన్సరు కలిగించేది" అనే తరగతిలో చేర్చి, 2019లో మళ్ళీ పరిశీలించి ఆ తరగతిలోనే ఉంచింది.

ఎదురు సాక్ష్యం లేదా అంటే, ఉంది. 2016లో బ్రిటన్‌లో పెద్ద అధ్యయనాలు మూడింటిని కలిపి చూసినవాళ్ళు రాత్రిపనికీ రొమ్ముకాన్సరుకూ సంబంధం కనబడలేదన్నారు. ఇట్లాంటి వాదన వచ్చినప్పుడు మన పక్షంవాళ్ళు చెవులు మూసుకోవడం నాకు నచ్చదు. చూడవలసిన సంగతి ఏమిటంటే, వాళ్ళు అడిగిన ఆడవాళ్ళలో చాలామంది పెద్దవయసువాళ్ళు, రాత్రిపని మానేసి ఏండ్లయినవాళ్ళు. వారి మీద గమనిక సాగింది కూడా కొద్ది ఏండ్లే. అమెరికా నర్సులలోనూ పని మానేసి చాలాకాలమయ్యాక ఆ ముప్పు తగ్గుతున్నట్టు 2017లో తేలింది. వయసులో ఉన్నప్పుడు ఇరవై ఏండ్లు చేసినవాళ్ళలోనే అది గట్టిగా నిలబడింది. అంటే ఈ తగవు తేలాలంటే కావలసింది ఇంకా ఎక్కువ లెక్క, ఇంకా ఎక్కువ కాలం. తగవు ఉంది గనక లెక్కే అక్కరలేదు అనడం ఏ తర్కం?

ఈ తగవంతా తేలేదాకా ఆగకుండా డెన్మార్కు ప్రభుత్వం ఒక పని చేసింది. ఇరవై ముప్ఫై ఏండ్లు వారానికి ఒక రాత్రయినా పనిచేసి, రొమ్ముకాన్సరు తెచ్చుకున్న ఆడవాళ్ళలో దాదాపు నలభైమందికి 2009 నాటికి అది ఉద్యోగం వల్ల వచ్చిన జబ్బే అని ఒప్పుకుని పరిహారం చెల్లించింది. వాళ్ళలో నర్సులూ ఉన్నారు, విమానాలలో పనిచేసినవాళ్ళూ ఉన్నారు. ఆ పరిహారం ఇవ్వగలిగారంటే ఎవరు ఎన్నేండ్లు ఏ పని చేశారో రుజువు దొరికింది గనకనే.

"అమెరికా, డెన్మార్కు డబ్బున్న దేశాలు, అవి చేయగలవు, మనకెక్కడ?" అంటారు. ఈ మాట తమిళనాడు సరిహద్దున ఉన్న మా పుత్తూరులో కూర్చుని వింటే నాకు నవ్వొస్తుంది. 1948లో మన దేశంలో క్షయకు బి.సి.జి. టీకా వేయడం మొదలైంది ఎక్కడ? ఆనాటి మా చిత్తూరు జిల్లా మదనపల్లెలో. ఆరోగ్యవరం శానిటోరియంలో ఫ్రిమోట్ మోలర్ అనే డాక్టరు 1950లో చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి టీకా వేసినవాళ్ళనూ వేయనివాళ్ళనూ రాసుకుని, ఇరవై ఏండ్లు వాళ్ళ వెంటపడి లెక్క తీశాడు. ఆయనా డెన్మార్కు కుటుంబంవాడే కావడం ఒక విశేషం. ఆ తర్వాత, పుత్తూరులో రైలెక్కి అరక్కోణం మీదుగా మద్రాసు వైపు పోతే వచ్చే తిరువళ్ళూరు ప్రాంతంలో, ఆనాటి చెంగల్పట్టు జిల్లాలో, 1968లో ఇంకో పరిశోధన మొదలైంది. రెండున్నర లక్షలకు పైబడిన జనానికి సూదులు వేసి 15 ఏండ్లు ఇల్లిల్లూ తిరిగారు. తీరా పెద్దవాళ్ళను క్షయ నుంచి ఆ టీకా కాపాడలేదని తేలింది. ప్రపంచమంతా నోరు వెళ్ళబెట్టిన ఫలితం అది. గుడిసెల్లో ఉండేవాళ్ళను, కూలికోసం ఊళ్ళు మారేవాళ్ళను, చదువు రానివాళ్ళను, కంప్యూటర్లు లేని కాలంలో, ఎద్దుబండి దారుల్లో పోయి పదిహేనేండ్లు పట్టుకోగలిగిన దేశానికి, పేరు రిజిస్టరులో ఉండి, జీతం బిల్లులో ఉండి, తానే రాయగలిగిన నర్సును పట్టుకోవడం చేతగాదా?

చేతనవుతుంది. కాని క్షయలెక్క తీస్తే దోషం క్రిమి మీద పడుతుంది. రాత్రుల లెక్క తీస్తే దోషం యజమాని మీద పడుతుంది, ఆ యజమాని చాలాచోట్ల సర్కారే. అసలు సంగతి ఇక్కడుంది.

మా వీధిలో సర్కారు సర్వీసు ముగించుకుని వచ్చిన సిస్టరొకామె ఉంది. ఏ ఊళ్ళో ఏ ఆసుపత్రిలో చేసిందో చెప్పడం ఇక్కడ అనవసరం. ముప్ఫై ఒక్క ఏండ్ల సర్వీసు. రాత్రి డ్యూటీ అంటే ఎనిమిదింటికి ఎక్కితే తెల్లవారి ఎనిమిదింటికి దిగడం. నెలకు సుమారు పది రాత్రులు. ఏడాదికి పదకొండు నెలలే వేసుకున్నా 3,410 రాత్రులు. తొమ్మిదేండ్లకు పైగా ఒక్క రాత్రీ కన్ను మూయకుండా గడిపినంత. నలభై నాలుగో ఏట చక్కెరజబ్బు వచ్చింది. రాత్రి డ్యూటీ వల్లనే వచ్చిందా? ఆమెకు తెలియదు, నాకూ తెలియదు, ఆమెకు మందు రాసిచ్చే డాక్టరుకూ తెలియదు. ఒక మనిషిని చూసి ఈ సంగతి చెప్పడం ఎవరితరమూ కాదు. లక్షమందిని చూసినప్పుడే అది కంటికి ఆనుతుంది. ఆమె జబ్బుకు కారణం ఆమెకు తెలియకుండా ఉండడానికి కారణం, ఆమె పక్కన నిలబెట్టి చూడవలసిన మిగతా లక్షమంది రాత్రులు ఎక్కడా రాసి లేకపోవడం.

పాత డ్యూటీ లిస్టులు దొరుకుతాయేమో అని అడిగాను. ఆమె నవ్వింది. "ఏందయివారూ, మీరు అడగతా ఉండారు గానీ, ఆ లిస్టులు ఏడుంటాయి? నెల తిరిగితే కొత్తది అంటిస్తారు. పాతదాని ఎనకపక్క మందుల లెక్క రాసుకుంటా ఉంటిమి."

"మరి పగలు నిద్రపోయేదానివా అక్కా?" అన్నాను.

"పగులు మరమగ్గాలు ఊరుకుంటాయా? అవి ఊరుకున్నా పొయ్యి ఊరుకోదు గదా."

పరిశోధకులు 'పగటి నిద్ర లోపం' అని రాసుకునేది ఇదే. అమెరికా నర్సుకూ ఇల్లుంది, పిల్లలున్నారు. కాని పగలు పదింటికి ఇంటికొచ్చి కట్టెలో గ్యాసో వెలిగించి అత్తకూ మొగుడికీ వండిపెట్టి, నీళ్ళు పట్టి, మధ్యాహ్నం రేకుల కింద ఉడికే ఎండలో మగ్గాల మోత మధ్య కన్ను మూసే మనిషికి ఆ 58 శాతమే వస్తుందా, తక్కువా, ఎక్కువా? అమెరికా అధ్యయనంలో ఉన్నవాళ్ళు అత్యధికులు తెల్లవాళ్ళు. చక్కెరజబ్బు మనవాళ్ళకు చిన్నవయసులోనే వస్తుందని డాక్టర్లే చెబుతారు. కాబట్టి ఆ అంకెలను ఇక్కడికి దించుకుని సంతృప్తిపడడానికి వీల్లేదు, "మన ఆధారాలు లేవు" అని కొట్టిపారేయడానికి అసలే వీల్లేదు.

మా ఊరు విరిగిన ఎముకలకు వేసే కట్టుకు ప్రసిద్ధి. కాలు విరిగితే అందరికీ కనబడుతుంది, ఎక్కడెక్కడి నుంచో బస్సులెక్కి వస్తారు. ముప్ఫై ఏండ్లు కొంచెం కొంచెంగా విరిగిన నిద్ర ఎవరికి కనబడుతుంది?

ఇక రెండో జవాబు ఉంది, ఇది మొదటిదానికన్నా తియ్యనిది. నర్సు పని ఉద్యోగం కాదు, సేవ అంటారు. దీపం పట్టుకున్న దేవత అంటారు. మే 12న నైటింగేల్ బొమ్మకు దండ వేసి నర్సుల చేత కొవ్వొత్తులు పట్టిస్తారు. ఆ నైటింగేల్ ఎవరో వీళ్ళకు నిజంగా తెలుసా? క్రిమియా యుద్ధం నుంచి తిరిగి వచ్చి ఆమె చేసిన పని దీపం పట్టుకోవడం కాదు, లెక్క రాయడం. తుపాకి దెబ్బలకన్నా ఆసుపత్రుల మురికిలో పుట్టిన అంటురోగాలతో చచ్చిన సైనికులే ఎక్కువని అంకెలతో, రంగురంగుల పటాలతో 1858లో దొరల ముఖాన కొట్టింది. ఆ దేశపు స్టాటిస్టికల్ సొసైటీలో సభ్యత్వం పొందిన మొదటి స్త్రీ ఆమె. ఇండియాలోని సైన్యం మరణాల లెక్క కూడా అడిగి తెప్పించుకుంది. ఆమెలోంచి దీపాన్ని మనం దిగుమతి చేసుకున్నాం. లెక్కల పుస్తకాన్ని ఓడ దించలేదు.

2020 మే 3న సైనిక హెలికాప్టర్లు ఆసుపత్రుల మీద పూలు చల్లాయి. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ప్రాణవాయువు అందక 11 మంది రోగులు చనిపోయారని ప్రభుత్వమే ప్రకటించింది. సరిగ్గా రెండురోజులకు నర్సుల దినోత్సవం. ఆ రెండేండ్లలో కోవిడ్ వార్డుల్లో నర్సులు ఎన్ని రాత్రులు చేశారో, అందులో ఎంతమంది కాంట్రాక్టువాళ్ళో, వాళ్ళిప్పుడు ఎక్కడ ఏ జబ్బుతో ఉన్నారో పదేండ్ల తర్వాత ఎవరైనా అడిగితే చూపడానికి ఒక పుస్తకం కావాలా, వద్దా?

రోగి రాత్రిపూట రోగిగానే ఉంటాడు గదా, మరి రాత్రి డ్యూటీ ఎత్తేయమంటారా అని గదిమేవాళ్ళున్నారు. ఎత్తేయమని ఎవరూ అనలేదు. రాత్రి ఉంటుంది. దాన్ని ఎంతమంది పంచుకుంటారనేదే ప్రశ్న. సాధారణ ఆసుపత్రిలో ఐదుగురు రోగులకు ఒక నర్సు, బోధనాసుపత్రిలో ముగ్గురికి ఒకరు ఉండాలని, సెలవుల కోసం 30 శాతం అదనంగా ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన ప్రమాణం. మా సిస్టరు చేసిన రాత్రుల్లో చాలావాటికి వార్డు మొత్తానికీ ఆమె ఒక్కతే. 1946లో భోర్ కమిటీ నివేదిక ఇచ్చేనాటికి 43,000 మందికి ఒక నర్సు ఉండేది. అప్పటి కొరత దొరతనం చేసిన పాపం. నర్సింగు కాలేజీలు వీధికొకటి వెలసి, చదివిన పిల్లలు గల్ఫ్ దేశాలకు విమానమెక్కుతూ ఉన్న ఈ రోజుల్లో వార్డులో కొరత ఉందంటే అది మనుషుల కొరత కాదు, పోస్టుల కొరత. నర్సులు సగం ఉంటే ఒక్కొక్కరికి వచ్చే రాత్రులు రెట్టింపు అవుతాయి. ప్రైవేటు ఆసుపత్రుల సంగతి సరేసరి. 2016లో సుప్రీంకోర్టు ఆదేశం మీద కేంద్రం వేసిన కమిటీ యాభై పడకలలోపు ఆసుపత్రిలో కూడా నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదని చెప్పింది. తిరుపతి సందుల్లో ఏ చిన్న ఆసుపత్రిలోనైనా ఒక పిల్లను అడిగి చూడండి.

స్త్రీ రాత్రి గురించి మన చట్టం ఆలోచించే తీరే వింతైనది. 1948 ఫ్యాక్టరీల చట్టం రాత్రి ఏడు నుంచి ఉదయం ఆరు వరకు ఆడవాళ్ళను ఫ్యాక్టరీలో పెట్టరాదంది. ఆసుపత్రి ఫ్యాక్టరీ కాదు గనక నర్సుకు ఆ చట్టం ఉండలేదు. మిల్లులో ఆడది అబల, వార్డులో ఆడది తల్లి. 2024 ఆగస్టులో కలకత్తా ఆర్.జి. కర్ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరును చెరిచి చంపినప్పుడు అక్కడి ప్రభుత్వం చేసిన మొదటి ఆలోచనల్లో ఒకటి వీలైనంతవరకు ఆడవాళ్ళకు రాత్రి డ్యూటీలు తప్పించాలని. సుప్రీంకోర్టు మందలించాక గాని ఆ మాట వెనక్కి పోలేదు. ఇటు 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజుపని పరిమితిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచి, ఆడవాళ్ళ సమ్మతితో ఫ్యాక్టరీలలో రాత్రిపని పెట్టుకోవచ్చునని నిబంధనలు సడలించడానికి ఒప్పుకుంది. ఒకరు తలుపు మూస్తారు, ఒకరు బార్లా తీస్తారు. రాత్రి అంటే మానభయం ఒక్కటే అని ఇద్దరి ఊహ. బస్సు, వెలుగు, కాపలా ఉంటే రాత్రి పగలయిపోతుందట. దేహంలో గడియారానికి కాపలావాడిని ఎవరు పెడతారు? అప్పు వాయిదా నెత్తి మీద ఉన్న మనిషి ఇచ్చే 'సమ్మతి' విలువ ఎంతో విద్యార్థి మిత్రులకు నేను చెప్పనక్కరలేదు. రాత్రిపనిలోకి కొత్తగా దిగబోయే లక్షలాది ఆడపిల్లలకు ముందు నడిచినవాళ్ళు నర్సులు. వాళ్ళకేమయిందో అడగకుండానే తలుపు తీశారు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1977లో నర్సుల మీద 149వ ఒడంబడికనూ, 1990లో రాత్రిపని మీద 171వ ఒడంబడికనూ చేసింది. రాత్రిపనిలో పెట్టేముందూ, ఆ తర్వాత గడువుల ప్రకారమూ కార్మికులు కోరితే వారి ఖర్చు లేకుండా ఆరోగ్యపరీక్ష జరగాలని రెండోదాంట్లో ఉంది. మన దేశం ఈ రెంటి మీదా సంతకం పెట్టలేదు. పరీక్ష చేస్తే కాగితం పుడుతుంది. కాగితం పుడితే పరిహారం అడిగేవాళ్ళు పుడతారు.

మన రచయితల మాట కూడా అనకుండా వదలను. మన కథల్లో నర్సు తెల్లచీర కట్టుకున్న దేవతగానో, డాక్టరుతో ప్రేమలో పడి మోసపోయిన ఆడదిగానో తప్ప రాలేదు. నేతపనివాడి దగ్గునూ, రిక్షావాడి రక్తపు వాంతినీ చూడగలిగిన అభ్యుదయ రచయిత కళ్ళకు తెల్లవారి ఎనిమిదింటి బస్సులో నిలబడి నిద్రపోతున్న సిస్టరు ఆనలేదు. సంఘాల కరపత్రాలు కూడా చూశాను. రెగ్యులరు చేయాలని, జీతం పెంచాలని ఉంటుంది, న్యాయమే. "మా రాత్రులు రాసిపెట్టండి" అనే కోరిక నేను చూసినవాటిలో లేదు.

ఆ కోరిక చిన్నది. నర్సుల పేర్లు రాష్ట్ర కౌన్సిళ్ళలో ఇప్పటికే ఉన్నాయి. 2023 నర్సింగు చట్టం దేశమంతటికీ ఒక రిజిస్టరు ఉండాలన్నది. రిజిస్ట్రేషను మళ్ళీ చేయించుకునే ప్రతిసారీ ఫారంతోపాటు ఇంకొక్క పుట పెట్టండి: ఎక్కడ చేశావు, నెలకు ఎన్ని రాత్రులు చేశావు, వరసగా ఎన్ని చేశావు, ఏ జబ్బు ఏ ఏట వచ్చింది. ఉద్యోగం వదిలినవాళ్ళనూ, కాంట్రాక్టు ముగిసినవాళ్ళనూ, గల్ఫ్‌కు పోయినవాళ్ళనూ వదలకుండా అడగండి. జబ్బుపడి పని మానుకున్నవాళ్ళు జాబితాలోంచి జారిపోతే మిగిలేది గట్టివాళ్ళ లెక్కే, అప్పుడు రాత్రిపని ఆరోగ్యానికి మంచిదని కూడా తేలవచ్చు. డ్యూటీ లిస్టులు చించరాదని ఒక ఉత్తరువు ఇవ్వండి. రాసిన జవాబులు యజమాని చేతికి పోకుండా వేరేచోట ఉంచండి, లేకపోతే జబ్బు రాసిన కాంట్రాక్టు నర్సుకు మరుసటి ఏడు ఉద్యోగం ఉండదు. విశ్వవిద్యాలయాల్లో గణాంకశాస్త్రం చెప్పే మిత్రులు ఈ పుటను తయారుచేయడానికి ఢిల్లీ నుంచి పిలుపు రావాలని కూర్చోనక్కరలేదు.

పుత్తూరులో ఇప్పుడు పనిచేస్తున్న సిస్టర్లు ముగ్గురు ఈ ఏడు సంక్రాంతి నుంచి తమ రాత్రులు తామే నోటుపుస్తకంలో రాసుకుంటున్నారు. తేదీ, వార్డులో మంచాలెన్ని, తోడు ఎవరైనా ఉన్నారా, పగలు ఎన్ని గంటలు పడుకున్నది. వాళ్ళలో ఒకామె కాంట్రాక్టు మనిషి, మార్చితో ఆమె గడువు ముగుస్తుంది.